ఇన్‌ఛార్జి దుండగుడు

“ఆ దారిలో ఎవడన్నా నీ చెయ్యి పట్టుకుంటే ఏం చేత్తావే?” అని అడిగాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. మా ప్రసన్న పప్పన్నం తింటోంది, అంతే. పక్కన పీట మీద ఉద్యోగం కాగితం పెట్టుకుని ముద్దకోసారి దాన్ని చూసుకుంటోంది. ఊరి బయట రొయ్యల ఫ్యాక్టరీలో ల్యాబు ఉద్యోగం. రెండో షిఫ్టు. సాయంత్రం ఏడున్నరకి వదిలితే కంపెనీ బస్సు ఎనిమిదింటికి సెంటర్లో దింపుతుంది. సెంటర్ నుంచి మా ఇంటికి నడక ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో ఏమేం జరగొచ్చో పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను. సాయంత్రానికి ఇంకా మొదటి మలుపు కూడా దాటలేదు.

“పట్టుకోనీ, అప్పుడు చూద్దాం,” అంది.

“ఇద్దరొత్తే?”

“అమ్మా, మజ్జిగ పొయ్యి.”

“మీరైనా చెప్పండి,” అని మా ఆయన వైపు తిరిగాను. ఆయన్ని ఏదైనా అడిగితే జవాబు రావడానికి టైము పడుతుంది. పెళ్లిచూపులనాడు “అమ్మాయి నచ్చిందా బాబూ” అని మా నాన్న అడిగితే, మా వాళ్లు అందరినీ బస్సెక్కించి వెనక్కి తిరిగాక ఈయన కిటికీలోంచి తల బయటపెట్టి “ఆయ్” అన్నారు.

ఉద్యోగం కాగితం అడుగున ఒక వాక్యం ఉంది. రెండో షిఫ్టులో చేరే మహిళలు జూలై ముప్పై ఒకటో తేదీలోగా ఆత్మరక్షణ ధ్రువపత్రం తేవాలి, లేకపోతే నియామకం రద్దు. ఆ ధ్రువపత్రం ఇవ్వడానికి మా ఊళ్లో కొత్తగా ఆత్మరక్షణ కార్యాలయం పెట్టారు. మా ఆయన అందులోనే అటెండరు. ఇంకేం, మన చేతిలో పనే కదా అనుకున్నాను. మే నెలలో అలాగే అనుకున్నాను.

ఆఫీసుకి రోజూ పన్నెండింటికి క్యారేజీ పట్టుకెళ్లేది నేనే. కాబట్టి అక్కడ జరిగినవన్నీ నా కళ్లతో చూశాను.

ఆఫీసంటే ఒక హాలు, ఒక గది. గదిలో ప్రాంతీయ అధికారి చక్రధరరావు గారు. హాల్లో మా ఆయన, ఒక బల్ల, బల్ల మీద ఫోను. గోడకి పెద్ద బోర్డు: ఆపదలో ఉన్న మహిళలు ఈ నంబరుకు ఫోన్ చేయవలెను. పనిచేస్తుందో లేదో చూద్దామని బోర్డు ముందే నిలబడి నా సెల్లు నుంచి ఆ నంబరు కొట్టాను. బల్ల మీది ఫోను గణగణా మోగింది. మా ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు, కాయితాలకి దారం గుచ్చుకుంటూ కూర్చున్నారు.

“ఎత్తరేంటండీ?”

ఫోను మోగడం ఆగిపోయింది. నేను క్యారేజీ విప్పి, అన్నం వడ్డించి, చారు పోశాక అప్పుడన్నారు: “ఎత్తే పోస్టు ఇంకా రాలేదే.”

ఆ రోజే గదిలో కమిటీ మీటింగు. కరాటే మాస్టారొకరు, కర్రసాము పెద్దాయనొకరు, జూడో నేర్పే లావుపాటి ఆయనొకరు. నిజజీవితంలో అక్కరకొచ్చే విద్య ఒక్కటే ఒక్కటి ఎంచి, దాన్నే ఊరందరికీ నేర్పాలని పైనుంచి ఉత్తరువట. ఎవరి విద్య వాళ్లకి గొప్ప. చక్రధరరావు గారు కళ్లజోడు తీసి తుడిచారు.

“ఒక్కొక్క విద్యను ఒక్కొక్క దుండగుడిపై ప్రయోగించినచో ఫలితాలు పోల్చుటకు వీలుండదు. శాస్త్రీయ దృక్పథంలో ఆలోచించండి. కొలబద్ద ఒక్కటే ఉండాలి. కావున ఈ కార్యాలయానికి ఒక ప్రామాణిక దుండగుడు తక్షణావసరం.”

ముగ్గురు మాస్టర్లూ తలూపారు. వాళ్లు ముగ్గురూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

దుండగుడి పోస్టు కావాలని పైకి రాశారు. మూడు వారాలకి జవాబొచ్చింది: కొత్త పోస్టు మంజూరు చేయడం సాధ్యం కాదు, ఉన్న సిబ్బందితో సర్దుకోవలెను. ఉన్న సిబ్బంది మా ఆయనే.

ఆ కాగితం ఆయన క్యారేజీ సంచిలో మడిచి తెచ్చారు. నేను కూడబలుక్కుని చదివాను. “శ్రీ కె. సూరిబాబు, అటెండరు, తన విధులకు అదనంగా దుండగుడి పూర్తి బాధ్యతలను తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు నిర్వహించవలసినదిగా ఆదేశించడమైనది. ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు వరకు దుండగుడు కార్యాలయంలో అందుబాటులో ఉండవలెను. భోజన విరామ సమయంలో దాడి చేయరాదు.”

“దేవుడా! ముప్పై మంది కలిసి మిమ్మల్ని కుమ్మేత్తారు. ఒప్పుకున్నారా?”

ఆయన కాళ్లు కడుక్కున్నారు, అన్నం తిన్నారు, మంచం వాల్చుకున్నారు. దోమతెర లోపల్నుంచి జవాబొచ్చింది. “వద్దంటే పిల్ల కాయితం ఆగిపోద్దేమోనే.”

మర్నాటి నుంచి ఆయనకి దుండగుడి పని మేమే నేర్పాం. ఈ మనిషి ఇరవై నాలుగేళ్ల కాపురంలో పాలబ్బాయిని కూడా గట్టిగా అన్న పాపాన పోలేదు.

“‘ఏయ్’ అనండి,” అన్నాను.

“ఏవమ్మా.”

“అమ్మ లేదు నాన్నా, ఒట్టి ‘ఏయ్’,” అంది ప్రసన్న.

“ముక్కూ మొహం తెలీని ఆడపిల్లనట్టుకుని ఏయ్ అంటే ఏం బావుంటదమ్మా? వాళ్లింట్లో ఏవనుకుంటారు?”

పిల్ల నవ్వలేక గోడకి చేరగిలబడింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పరీక్షల రోజు హాల్లో పెద్ద జంపఖానా పరిచారు. మా ఆయన అంచు దాకా వచ్చి ఆగారు. మా ఇంట్లో చెప్పులు గుమ్మం దాటితే నేను ఊరుకోను, ఆయనకదే అలవాటు. ఎడమ చెప్పు విడిచారు, కుడి చెప్పు విడిచారు, రెండిటినీ గోడవారగా జతచేసి పెట్టారు. అప్పుడు జంపఖానా ఎక్కి, చేతులు ముందుకు చాచి, కరాటే మాస్టారి శిష్యురాలి వైపు నడిచారు. ఆ పిల్ల “హా” అంది. ఈయన పడిపోయారు. చెయ్యి ఇంకా ఆయన దాకా రానేలేదు.

కర్రసాముకీ పడిపోయారు. జూడోకైతే, ఆ పిల్లకి పట్టు దొరకడం లేదని ఈయనే ఆమె చెయ్యి తీసి తన భుజం మీద పెట్టి మరీ పడ్డారు.

మూడు విద్యలకీ నూటికి నూరు. చక్రధరరావు గారికి కోపం వచ్చింది. రెండో రోజు మా ఆయనకి మెమో ఇచ్చారు. “మీరు విధి నిర్వహణలో తగినంత దౌర్జన్యం కనబరచడం లేదని గమనించడమైనది. మీపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లోగా తెలుపవలెను.” జవాబు ప్రసన్నే రాసిపెట్టింది. ఇకమీదట నా దౌర్జన్యాన్ని శక్తివంచన లేకుండా మెరుగుపరుచుకుంటానని సవినయంగా మనవి చేసుకుంటున్నాను, అని. అది ఫైల్లో పెట్టి సంతృప్తికరం అని రాశారు.

పదకొండు పరీక్షలు పెట్టినా ముగ్గురికీ నూరే. ఎవరిని కాదన్నా గొడవే. చివరికి మూడు విద్యల్లోంచీ తలా ఒక దెబ్బ తీసుకుని మూడు మెట్ల సమగ్ర విధానం అని పేరు పెట్టారు. మొదటి మెట్టు మోచెయ్యి, రెండోది కర్ర లేని కర్రసాము, మూడోది మోకాలు. మెట్లు వరుస తప్పకూడదు.

మరి మొదలుపెట్టడం ఎప్పుడు? ఎదుటివాడు దుండగుడని పిల్లకి తెలిసేదెలా? ఆ సంగతి చక్రధరరావు గారే కనిపెట్టారు. ప్రారంభ సభలో మైకు పట్టుకుని చెప్పారు.

“పదకొండు పర్యాయాలు నిశితంగా పరిశీలించాము. పదకొండు పర్యాయాలూ దుండగుడు దాడికి ముందు తన పాదరక్షలను విసర్జించాడు. ముందు ఎడమ, తదుపరి కుడి. ఇందులో ఒక్క మినహాయింపు కూడా లేదు. కనుక మహిళలారా, ఎదుటివాని ముఖాన్ని కాదు, పాదాలను గమనించండి. చెప్పు విడిచిన మరుక్షణం మొదటి మెట్టు!”

చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలోంచి లేచాను. అడక్కుండా ఉండలేకపోయాను.

“బూట్లేసుకున్నోడొత్తేనండి?”

“అమ్మా,” అన్నారాయన ఎంతో ఓపిగ్గా, “మా వద్ద ఉన్న సమాచారంలో బూట్ల దుండగుడు లేడు.”

జూన్ మధ్యలో శిక్షణ మొదలైంది. బ్యాచికి ముప్పై ఐదుగురు. మా ఆయన రోజుకి ముప్పై ఐదుసార్లు చెప్పులు విడిచేవారు, ముప్పై ఐదుసార్లు పడేవారు. సాయంత్రం వచ్చాక వీపుకి ఆవనూనె రాసేదాన్ని. ఎక్కడ ముట్టుకున్నా “అక్కడ కాదే” అనేవారు. తల్లుల బ్యాచి పెడితే నేనూ చేరాను. పిల్లకి ఏదన్నా అయితే పక్కన నేనైనా ఉంటాను కదా అని.

జూలై మూడో వారానికి ఊళ్లో నాలుగు వందల మంది ఆడవాళ్లకి ఆ విద్య వచ్చేసింది. నిజంగానే వచ్చేసింది, నేను అబద్ధం చెప్పను. చెప్పు శబ్దం వింటే చాలు, మోచెయ్యి దానంతటదే లేస్తుంది.

ముందు మా పక్కింటి తులసమ్మ అల్లుడికి తగిలింది. ఆషాఢం కదా, మావగారికి ఒంట్లో బాగోలేదన్న వంకతో పెళ్లాన్ని చూడ్డానికొచ్చాడు. గుమ్మంలో వంగి చెప్పు విప్పుతున్నాడు. పెళ్లామే ఎదురొచ్చింది. మూడు మెట్లూ అయిపోయాక గానీ మొగుడని గుర్తుపట్టలేదు. ఆ తర్వాత కరెంటు బిల్లు కుర్రాడు, సత్యనారాయణ వ్రతానికొచ్చిన పురోహితుడు, పిల్లని చూసుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకు వాళ్ల మేనమామ. ఆ సంబంధం కుదిరింది మరి. పిల్ల చురుకైందని మేనమామే ముందు ఒప్పుకున్నాడట.

చక్రధరరావు గారు ఇవన్నీ విజయాల కింద రాసి పైకి పంపారు. ఊళ్లో మగవాళ్లు మాత్రం గుమ్మం బయటే నిలబడి చేతులు పైకెత్తి, “విప్పుతున్నామమ్మా” అని కేకేసి, లోపల్నుంచి “విప్పండి” అన్నాక విప్పుకునేవారు. కొందరు చెప్పులతోనే వంటింటి దాకా వచ్చేసేవారు. ఇళ్లన్నీ ఇసక.

ఒకరోజు సాయంత్రం నేను అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. వెనక ‘టప్’మని చెప్పు శబ్దం అయింది. ఇంకో చెప్పు పడే దాకా కూడా నేను ఆగలేదు. తిరిగి చూసేసరికి మా ఆయన గుమ్మానికడ్డంగా పడున్నారు, ఒక కాలికి చెప్పుంది. లేవదీసి, మంచం మీద పడుకోబెట్టి, కాపడం పెట్టి, నా నోటితో నన్ను నేను తిట్టుకుంటూ గంటసేపు ఏడ్చాను. ఆయన కళ్లు మూసుకునే అన్నారు.

“నీకు మూడో మెట్టు బాగా వచ్చిందే.”

ఇన్ని జరిగినా మా ప్రసన్న కాగితం మాత్రం కదల్లేదు. పిల్ల శిక్షణ పూర్తిచేసింది. చివరి పరీక్ష ఒక్కటే మిగిలింది. జూలై ఇరవై తొమ్మిదిన దాని ఫైలు మీద చక్రధరరావు గారు ఎర్ర సిరాతో రాశారు: “అభ్యర్థినియు దుండగుడును రక్తసంబంధీకులు. నిష్పాక్షికత ప్రశ్నార్థకం. వేరొక దుండగునిచే పరీక్షింపదగును.”

“వేరే దుండగుడు ఎక్కడున్నాడండీ?” అని అడిగాను.

“లేడు. పోస్టు మంజూరు కాలేదు.”

“మరి ఎల్లుండి దాటితే పిల్ల ఉద్యోగం పోద్ది కదండీ?”

“పోవును,” అన్నారు. ఆయన నిజంగానే బాధపడ్డారు.

నేను కదల్లేదు. క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. ఇంట్లో నేను ఎన్నిసార్లన్నానో ఈ ఉద్యోగం వద్దని. అదే ఉద్యోగం పోతుందనేసరికి ఆ పిల్ల పీట మీద కాగితం పెట్టుకుని చూసుకోవడమే కళ్లముందు కనిపిస్తోంది. చక్రధరరావు గారు నన్ను చూసి, బీరువా చూసి, లేచి లావుపాటి నిబంధనల పుస్తకం తీశారు. తిరగేశారు. ఒకచోట ఆగి, వేలు పెట్టి, మొహం వెలిగించుకున్నారు.

“ఉద్యోగి ఏ హోదా వలన ఇబ్బంది కలుగుచున్నదో ఆ హోదా నుంచి సెలవు పెట్టవచ్చును. సూరిబాబు దుండగుడిగా సెలవు పెడితే పరీక్ష ఆగిపోవును. కావున తండ్రిగా సెలవు పెట్టాలి. ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు, ఒక పూట చాలును. భార్య అభ్యంతరం లేదని సంతకం చేయాలి.”

చేశాను. ఇరవై నాలుగేళ్ల కాపురంలో నా సంతకం కావలసి వచ్చింది రేషను కార్డుకి, తర్వాత దీనికే.

ముప్పై ఒకటిన రెండింటికి హాలు నిండిపోయింది. నేను కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను. జంపఖానా మీద ప్రసన్న. అంచున మా ఆయన. ఎడమ చెప్పు విడిచారు. కుడి చెప్పు విడిచారు. జతచేసి పెట్టారు.

నాలుగు వందల మందికి లేచిన మోచెయ్యి దానికి లేవలేదు. చేతులు కిందకి వేలాడేసి నిలబడిపోయింది. ఈయన ఒక్కో అడుగే వేసుకుంటూ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నారు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకున్నారు, ఇంకెలా పట్టుకోవాలో ఆయనకి రాదు.

“అభ్యర్థిని స్పందించుట లేదు,” అని చక్రధరరావు గారు పెన్ను తీశారు.

మా ఆయన పెదాలు కదిలాయి. పిల్లకీ, కిటికీ దగ్గరున్న నాకూ మాత్రమే వినపడింది. “కొట్టమ్మా. ఉద్యోగం పోద్ది.”

పిల్ల కళ్లు మూసుకుంది. మొదటి మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు. ఆ హాల్లో అన్ని రోజుల్లో ఆయన నిజంగా పడింది అప్పుడే. నేలమీద వెల్లకిలా ఉండే అడిగారు.

“చెయ్యి నొప్పెట్టిందామ్మా?”

“అభ్యంతరం!” అన్నారు చక్రధరరావు గారు. “సూరిబాబూ, నీ సెలవు ఐదు గంటల వరకు ఉన్నది. అంతవరకు తండ్రిలా మాట్లాడరాదు.”

ఐదు కొట్టేదాకా తండ్రీ కూతురూ హాల్లో చెరో గోడకి ఆనుకుని కూర్చున్నారు. పిల్ల కళ్లు తుడుచుకుంటూనే ఉంది. నేను మధ్యలో కూర్చుని ఇటు మజ్జిగిచ్చాను, అటు మజ్జిగిచ్చాను. ఐదు కాగానే దానికి ధ్రువపత్రం ఇచ్చారు, ఈయనకి పిల్లని తిరిగిచ్చారు.

ఆగస్టు ఒకటిన ప్రసన్న చేరింది.

ఎనిమిదింటికి సెంటర్లో దిగాలి. ఎనిమిదీ ఎనిమిదికి ఇంట్లో ఉండాలి. ఎనిమిదింపావుకి నేను వీధి చివరిదాకా వెళ్లొచ్చాను. పిల్ల సెల్లు ఫ్యాక్టరీలో గేటు దగ్గర తీసేసుకుంటారు, తిరిగి ఇచ్చారో లేదో, ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫ్. ఆయన కూడా రాలేదు. ఐదుకి వదిలే ఆఫీసు. ఆయన సెల్లు దేవుడి అలమర పక్కన ఛార్జింగులో ఉంది, ఎప్పుడూ అంతే. బూట్లు వేసుకున్న మనుషులందరూ నా కళ్లముందు వరసగా నడిచారు. పిల్లకి బూట్ల పాఠమే చెప్పలేదు కదా, వాడు బూట్లు విప్పే దాకా ఆగుతుందేమో పిచ్చిది. ఎనిమిదిన్నరకి ఏం చెయ్యాలో తెలీక తిరుగుతుంటే ఆఫీసు గోడ బోర్డు మీది నంబరు గుర్తొచ్చింది. ఎత్తరని తెలుసు. తెలిసే కొట్టాను.

మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ కొట్టాను. ఆఖరి గంటకి ఎవరో ఎత్తారు.

“మహిళా సహాయవాణి. ఆపద ఏ రకమో తెలుపవలెను,” అని చూసి చదువుతున్న గొంతు.

నాకు ఆ గొంతు తెలీకపోవడమేమిటి?

“ఏవండీ! మీరా? ఈ ఫోనెత్తే పనీ మీ నెత్తినే పడేశారా? ఎప్పుడిచ్చారు? నాతో ఒక్క ముక్కైనా చెప్పారా? పిల్ల ఇంకా ఇంటికి రాలేదండీ, బస్సు దిగిందో లేదో తెలీదు, ఆ దారిలో ఎవడన్నా చెయ్యి పట్టుకున్నాడేమోనండీ!”

అటువైపు ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినపడుతోంది, కాగితం రెపరెపలాడుతున్న శబ్దం వినపడుతోంది. మనిషి మాత్రం లేడు. నేను కూలబడ్డాను, లేచాను, దేవుడి పటం దగ్గరికెళ్లాను, వెనక్కొచ్చాను. ఫోను చెవికే ఉంది. ఇంత సేపు మాట్లాడకపోవడమంటే చెప్పలేని సంగతేదో ఉన్నట్టే. ఆయన ఎప్పుడూ ఇంతే సేపు తీసుకుంటారన్న సంగతి ఆ సమయంలో నాకెందుకు గుర్తొస్తుంది?

చివరికి గొంతు సవరించుకున్నారు.

“పిల్ల ఇక్కడే ఉందే. బస్సు దిగి తిన్నగా ఇటొచ్చింది. దారిలో మన బ్యాచీలోళ్లెవరన్నా నన్ను చూసి మీద పడిపోతారేమోనని, దగ్గరుండి నన్ను ఇంటికి దింపుతానంటంది. ఇద్దరం బయల్దేరతన్నాం.” ఫోను పెట్టేస్తారనుకున్నాను గానీ పెట్టలేదు. “ఏవనుకోకుండా ఇయ్యాల్టికి నన్ను చెప్పులతో లోపలికి రానిత్తావా?”